తలుపు తీసి వుంచిన గది

మా స్నేహితురాలొకావిడ ఈమధ్య ఫోన్ చేసి ఓ ఫిర్యాదు చెప్పుకుంది. వరలక్ష్మీవ్రతం నాడు ఓళిగలు, పులిహోర, శనగలు పళ్ళెంలో సర్ది పక్కింటికి పంపిస్తే, ఆ యిల్లాలు గుమ్మంలోనే నిలబడి, "ఏమనుకోకండక్కా, పూజలో పెట్టినవైతే మేం తినం" అని నవ్వుతూనే వెనక్కి పంపిందట. "క్రిస్మస్‌కి వాళ్ళు పంపిన కేకు మా పిల్లలు పోట్లాడుకుని మరీ తిన్నారు. వాళ్ళ దేవుడు మనకు పనికొచ్చినప్పుడు మన దేవుడు వాళ్ళకెందుకు పనికిరాడంటావ్?" అని నన్ను నిలదీసింది. అక్కడితో ఆగితే బాగుండేది. "పైగా వచ్చే ఆదివారం వాళ్ళ ప్రార్థనకు రమ్మని పిలుపొకటి! తను నమ్మిందేదో తన దగ్గర పెట్టుకోవచ్చు కదా?" అంది.

ఓళిగల సంగతి చిన్నదే. కాని ఇలాంటి చిన్న సంగతుల దగ్గరే ఇరుగు పొరుగు స్నేహాలు తెగుతాయని మీకూ తెలుసు. మాటలు ఆగవు, మాటల్లో రుచి పోతుంది. అందుకే ఆవిడ అడిగిన రెండు ప్రశ్నలూ నాలుగు రోజులు నన్ను వదల్లేదు.

మిడుతూరు, నందికొట్కూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ - ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగిన దాన్ని నేను. మా వైపు వాళ్ళకు దేవుళ్ళను పంచుకోవడం కొత్త కాదు. పీర్ల పండగ వస్తే గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్ళలో ఎవరు ఏ మతమో లెక్క చూడరు. పీరుకు చక్కెర చదివించి పిల్లలకు మస్తాన్ అనో, హుస్సేనమ్మ అనో పేరు పెట్టుకున్న హిందువులు మాకు కొల్లలు. మేరీమాత పటం దేవుడి గూట్లో వెంకటేశ్వరుడి పక్కన పెట్టుకున్న ఇళ్ళూ వున్నాయి. మన గూడు పెద్దది. ఇంకొకరు వస్తే కాస్త జరిగి చోటిస్తాం. అది మన మంచితనమే, కాదనను. అయితే ఆ మంచితనం మనకొక అలవాటు కూడా చేసింది. మనం జరిగి చోటిచ్చినట్టే ఎదుటివాళ్ళూ జరగాలని ఆశిస్తాం. వాళ్ళ గూడు ఒక్కరికే సరిపోయేలా కట్టిందైతే మనకు కోపం.

ఒక్కడే దేవుడని నమ్మినవాళ్ళకు ఈ పళ్ళెం దగ్గర ఇబ్బంది నిన్నా మొన్నా పుట్టింది కాదు. దాదాపు 2000 ఏళ్ళ కిందట కొరింథు పట్టణంలో వున్న కొద్దిమంది క్రైస్తవులకు పౌలు రాసిన ఉత్తరంలో దీనిమీద పెద్ద చర్చే వుంది. ఆ వూళ్ళో గుళ్ళలో బలి ఇచ్చిన మాంసమే బజారుకొచ్చేది. తినవచ్చా, కూడదా? బజారులో అమ్మేది ఆరాలు తియ్యకుండా తినండి, పొరుగువాడు భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, కాని ఇది దేవతకు అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాళ్ళ మనసు కోసం మానండి - ఇదీ ఆయన చెప్పిన దాని సారాంశం. నాకు ముచ్చటేసింది. మతగ్రంథంలో పొరుగింటి పళ్ళెం గురించి ఇంత వివరంగా ఆలోచించిన మనిషి ఒకడున్నాడన్నమాట! పక్కింటావిడ చేసింది అచ్చంగా అదే. "పూజలో పెట్టినవైతే" అని అడిగింది, అవునన్నారు కాబట్టి మానింది. నైవేద్యం పెట్టకముందు తీసిన ఓళిగైతే తినేదే. తీసుకుని, తలుపేసుకుని, పనిమనిషికిచ్చేసి వుంటే మా స్నేహితురాలికి తెలిసేదీ కాదు, కోపం వచ్చేదీ కాదు. మరి అది ఇంతకంటే మర్యాదా?

మొదటి ప్రశ్న అంతే. రెండోదుంది చూశారూ, అది కష్టం. తను నమ్మింది తన దగ్గర పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకోవచ్చు. కాని మనం పెట్టుకుంటున్నామా? మా అమ్మ కాలంలో, 1975లో 'జై సంతోషి మా' సినిమా వచ్చాక, శుక్రవారం పులుపు ముట్టని ఇళ్ళు వీధికి నాలుగు వుండేవట. ఆ వ్రతాన్ని ఎవరు ప్రచారం చేశారు? ఏ మఠాధిపతీ చెయ్యలేదు. ఒక వదిన ఇంకో వదినకు చెప్పింది. నా చిన్నతనంలో ఇంటికి పోస్టుకార్డులొచ్చేవి - ఫలానా దేవుడి మహిమ ఇది, ఇలాగే పదకొండు మందికి రాయండి, రాయకపోతే కీడు జరుగుతుందని. కార్డుకు భయపడి కూర్చుని రాసినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఇప్పుడు ఆ కార్డులే ఫోన్లలోకొచ్చాయి. ఇక వైభవలక్ష్మి వ్రతం సంగతి సరేసరి. ఉద్యాపన నాడు ఏడుగురు ముత్తైదువలకో, ఇంకా ఎక్కువమందికో ఆ వ్రతకథ పుస్తకాలు పంచితేనే వ్రతం పూర్తయినట్టు. ఆ పుస్తకాలు పంచే మనమే, పక్కింటావిడ చేతిలో ఓ కరపత్రం కనిపిస్తే "మతప్రచారం" అంటాం.

ఆ మాటకొస్తే దేవుడే ఇంటింటికీ వెళ్ళి పిలిచే సంప్రదాయం మా ఆళ్ళగడ్డ పక్కనే వుంది. అహోబిలం నరసింహస్వామి కనుమ నాడు పల్లకి ఎక్కి పారువేటకు బయల్దేరతాడు. నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. ఎందుకంటే, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి జనాన్ని స్వయంగా పిలవడానికట. కొండ మీద కూర్చుని "కావలసినవాళ్ళే వస్తారులే" అనుకునే దేవుడు కాడాయన. పిలుపు లేని పెళ్ళికి మనమూ వెళ్ళం కదా! కాబట్టి నమ్మినవాళ్ళు నలుగుర్నీ పిలవడమన్నది పరాయి దేశం నుంచి ఓడలో దిగిన అలవాటని నేననుకోను.

అలాగని మా స్నేహితురాలి అనుమానం కొట్టిపారెయ్యదగిందీ కాదు. ఆవిడ భయం పిలుపును గురించి కాదు, పిలుపు వెనక గాలమేదైనా వుందేమోనని. "పాలపొడి కోసం కలిశారు, గోధుమల కోసం కలిశారు" అన్న మాట మా ఊళ్ళలో ఎంత తేలిగ్గా అనేవాళ్ళో నాకు గుర్తే. ఆకలితో వున్నవాడికి అన్నం పెట్టి దేవుణ్ణి మార్చుకోమనడం అన్యాయమేనని ఎవరైనా ఒప్పుకుంటారు. అది క్రైస్తవులకూ తెలుసు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చేసిన ధాతు కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పనికొచ్చినవాళ్ళు బాప్తిస్మమిమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వస్తున్నారేమోనని కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఆపి వుంచాడు. సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ లెక్క గురించి గొప్పగా చెప్పేవాళ్ళున్నారు, ఎగతాళిగా చెప్పేవాళ్ళూ వున్నారు. నాకు మాత్రం ఆ తర్వాతి సంగతులు ముఖ్యమనిపిస్తాయి. ఆ మాదిగ కుటుంబాలు చచ్చిన గొడ్డు మాంసం మానేశాయి. జాతర్లలో దేవత ముందు డప్పు కొట్టమన్నాయి. ఆదివారం పనికి రామన్నాయి. ఊళ్ళో డప్పు కొట్టేవాడు కొట్టనంటే ఏమవుతుందో పల్లెల్లో పుట్టినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తిట్లు, దెబ్బలు, పని పోవడం, గింజలు పోవడం. మన భాషలో దాన్ని "పాలపొడి" అంటున్నాం! ఇంకో మాట. ఊరి బావి దగ్గరికి రానివ్వనివాణ్ణి ఎవరో పిలిచి నీళ్ళిస్తే, ఆ నీళ్ళు గాలమా కాదా అని తీర్పు చెప్పే హక్కు బావి చుట్టూ కంచె వేసినవాళ్ళకు ఎంతవరకు వుందంటారు?

మా నంద్యాల సీమ కథా ఇలాంటిదే. ఆళ్ళగడ్డకు దగ్గర్లోని ముత్యాలపాడులో పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే ఎస్.పి.జి. వాళ్ళ మిషన్ మొదలైంది. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో బళ్ళు పెట్టారు. నంద్యాలలో వాళ్ళ హైస్కూలు వచ్చింది, వాళ్ళ ఆస్పత్రి వచ్చింది. ఈ చుట్టుపక్కల పలక మొదట చేతికొచ్చింది చాలామందికి అక్కడే. ఆ విశ్వాసాన్ని వాళ్ళెంత సొంతం చేసుకున్నారంటే, 1947లో దక్షిణాది సంఘాలు కొన్ని కలిసి సి.ఎస్.ఐ. అయినప్పుడు నంద్యాల ఆంగ్లికన్‌లు వేలమంది మేం కలవమని భీష్మించుకుని ఏళ్ళ తరబడి విడిగా వుండిపోయారు. అప్పటికి దొరలు వెళ్ళిపోతున్నారు. అయినా పట్టు వదల్లేదు. అద్దె ఇల్లయితే ఎవరైనా అంతగా కొట్లాడతారా?

అసలు ఈ పంచుకోవడమన్న విషయం మన తెలుగునేల మీద అందరికంటే బాగా ఆలోచించినవాడు తెలుగువాడు కాదు, తిరునల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరులో దోర్నకల్‌కు బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికొచ్చిన మొదటి భారతీయుడు. దానికి రెండేళ్ళ ముందు ఎడింబరోలో ప్రపంచంలోని మిషనరీలంతా సభ చేసుకుంటే, ఈ 35 ఏళ్ళ యువకుడు లేచి వాళ్ళ మొహం మీదే ఓ మాటన్నాడు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, శరీరాలు కాల్చుకున్నారు, కాని మాకు కావలసింది ప్రేమ, మాకు స్నేహితులనివ్వండి అని దాని తాత్పర్యం. తమ దేవుణ్ణి పంచినవాళ్ళు తమ బల్ల మాత్రం పంచలేదని ఆయన బాధ. దొర ఇంట్లో బోధకుడికి కుర్చీ వెయ్యని రోజులవి. ఆ సభలో చాలామందికి కోపమొచ్చిందంటారు. రాదూ మరి!

దోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. అందులో గుడి స్తంభాలున్నాయి, మసీదు గుమ్మటాలున్నాయి, తామరపూలున్నాయి. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళ చేతా, చదువురాని కూలి మనిషి చేత కూడా, తన చెయ్యి తన నెత్తిన పెట్టించి, నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడట. చెప్పడమంటే ఆయన లెక్కలో ఉపన్యాసం కాదు. తాగుడు మానడం, పెళ్ళాన్ని కొట్టడం మానడం, అప్పు చెయ్యకుండా బతకడం. చూసి పక్కవాళ్ళు అడగాలి. ఆయన భార్య అన్బు పల్లెటూరి ఆడవాళ్ళ మధ్య తిరిగి చేసిన పని గురించి ఇంకా వివరంగా ఎవరైనా రాయవలసింది. బిషప్పుల చరిత్రల్లో భార్యలకు రెండు వాక్యాలే దక్కుతాయి, అదేం శాపమో.

ఇదే అజరయ్యకూ గాంధీగారికీ 1930ల్లో పడలేదు. గులాబీ తన పరిమళం గురించి ఉపన్యసించదు, విశ్వాసమూ అలాగే వుండాలని గాంధీగారి వాదం. ఎంత అందంగా వుందో చూడండి. నేనూ చాలాకాలం ఆ గులాబీకి తలవంచినదాన్నే. అయితే ఆ మహానుభావుడే 1936లో, అంటరానివాళ్ళు మతాల మంచిచెడ్డలు ఆవు కంటే ఎక్కువగా బేరీజు వెయ్యలేరన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ మాట చదివాక గులాబీ వాసన కాస్త తగ్గింది నాకు. ఎవరికి ఏది చెప్పాలో, ఎవరు ఏది గ్రహించగలరో పైనుంచి ఒకరు నిర్ణయించడమేమిటి? ఎన్నుకోవడం మనిషికి తెలుసు. ఆడవాళ్ళకు ఈ విషయం ఇంకొకరు చెప్పనక్కర్లేదు. "నీకేం తెలుసు, నువ్వూరుకో" అన్న మాటతోనే మనం పెరిగాం.

ఈ మొత్తం గొడవలో నాకు బాగా దగ్గరగా అనిపించే మనిషి పండిత రమాబాయి. 1858లో పుట్టిన చిత్పావన బ్రాహ్మణ స్త్రీ. తండ్రి లోకాన్ని ఎదిరించి భార్యకూ కూతురికీ సంస్కృతం నేర్పాడు. ఊరూరా పురాణం చెప్పుకుంటూ, తీర్థాలు తిరుగుతూ, కరువులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ఇరవై ఏళ్ళకే కలకత్తా పండితుల చేత "సరస్వతి" అనిపించుకుంది. చిన్నవయసులోనే భర్త పోయాడు. 1883లో ఇంగ్లండు వెళ్ళింది, ఆ సెప్టెంబరులోనే వాంటేజ్‌లో చిన్నకూతురు మనోరమతో పాటు బాప్తిస్మం తీసుకుంది. ఇక్కడ దేశమంతా గుప్పుమంది.

అక్కడ ఆమెకు సుఖమా అంటే అదీ లేదు. మఠంలోని సిస్టర్లు మెడలో వేసుకోమన్న శిలువ మీద లాటిన్ అక్షరాలున్నాయి. నాకు రాని భాష నా మెడలో ఎందుకు, సంస్కృతంలో రాయించుకుంటాను అంది. మాంసం ముట్టలేదు, గుడ్డు కూడా. ఇంకా కులాభిమానం పోలేదని పెద్ద సిస్టరు బాధపడి ఉత్తరాలు రాసింది. తిండి మానడం గర్వమని నిందించడం ఏ మతానికైనా సులువే కాబోలు! నా మనస్సాక్షిని మీ చేతికిచ్చి రాలేదని రమాబాయి కూడా ఘాటుగానే జవాబులు రాసింది.

దేశం తిరిగొచ్చి 1889లో బొంబాయిలో శారదాసదన్ పెట్టింది. బాల వితంతువులకు ఇల్లు, చదువు. మతబోధ చెయ్యనని మాటిచ్చింది కాబట్టే రానడే, భండార్కర్ లాంటి పెద్దలు సలహాసంఘంలో కూర్చున్నారు. తర్వాత సదన్ పూనాకు మారింది. అక్కడ మొదలైంది గొడవ. ఆవిడ పొద్దున్నే తన గదిలో కూతురితో కలిసి ప్రార్థన చేసుకునేది. తలుపు వేసుకునేది కాదు. కొందరు పిల్లలు వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాళ్ళు, కొందరు లోపలికొచ్చేవాళ్ళు. పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. కబురు పూనా అంతా పాకింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. 1893లో ఆ పెద్దలు సంఘానికి రాజీనామా చేశారు, చాలామంది పిల్లల్ని ఇంటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు.

తీసుకుపోయిన పిల్లలు మళ్ళీ ఎక్కడికి వెళ్ళారు? తలగొరిగించి, చీకటిగదిలో కూర్చోబెట్టే ఇళ్ళకు. ఆ విషయం ఏ పత్రికా పట్టించుకోలేదు.

ఆ తలుపు నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. న్యాయంగా చూస్తే రెండువైపులా బలముంది. ఆ పిల్లలు దిక్కులేనివాళ్ళు, వాళ్ళ చేతిలో అన్నం ముద్ద పెడుతున్నది ఆవిడే. అన్నం పెట్టే అమ్మ ఏం చేస్తుంటే అది చెయ్యాలనిపించడం పిల్లల సహజం. తెరిచిన తలుపు కూడా ఒక పిలుపే, అందులో బలం వుంది - అని పెద్దలన్నది అబద్ధం కాదు. కాని తలుపు వేసుకోమంటే? ఆమె బతుకులో అన్నిటికంటే పెద్ద విషయం తప్పు చేసినట్టు గడియ పెట్టుకుని చెయ్యాలి. అదే ఇంట్లో హిందూ పిల్లలు తులసి చుట్టూ తిరుగుతూ, పండగలు చేసుకుంటూ తమ ఆచారం తలుపులు తీసే పాటించేవాళ్ళు, ఆమె అడ్డుచెప్పలేదు. అందరి తలుపులూ తెరిచి, ఇంటి యజమానురాలి తలుపొక్కటి మూయించడం ఏ న్యాయం? నా మటుకు నాకు, రమ్మనకుండా, పొమ్మనకుండా, గుమ్మం దాటితే ఇంత, దాటకపోతే ఇంత అని అన్నంలో తేడా చూపకుండా తలుపు తీసి వుంచడమే సరైన పద్ధతనిపిస్తుంది. ఆమె ఆ తేడా చూపించిందని మాత్రం నేనెక్కడా చదవలేదు.

మన రాజ్యాంగంలో 25వ అధికరణం రాసేటప్పుడు ఈ తలుపు గొడవే ఇంకో రూపంలో వచ్చింది. మతాన్ని నమ్మి చాటుకోవడం, ఆచరించడం సరే, ప్రచారం చేసుకునే హక్కు కూడా ఇవ్వాలా అని 1948 డిసెంబరులో పెద్దలు తర్జనభర్జన పడ్డారు. టి.టి. కృష్ణమాచారి లేచి, నేను క్రైస్తవ విద్యాసంస్థల్లో 14 ఏళ్ళు చదివాను, నన్ను మతం మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదని చెప్పి ఆ మాటను సమర్థించారు. మాట నిలిచింది. తర్వాత 1977లో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని గీత గీసింది. తలుపు తియ్యచ్చు, చెయ్యి పట్టుకుని లాగకూడదు, అంతేగా! న్యాయశాస్త్రం నాకు రాదు, బి.ఏ. చరిత్ర చదివినదాన్ని. నాకర్థమైంది ఇది.

కాని మన దేశంలో ఈ తలుపు గట్టిగా మూయించేది పొరుగువాళ్ళ కోపమూ కాదు, కరపత్రాల చట్టాలూ కాదు. ఒక సర్టిఫికెట్టు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులైతేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో వాళ్ళు బి.సి. 'సి' కిందికొస్తారు, అక్కడ రిజర్వేషను ఒక్క శాతం. అంటే మాలపల్లెలో పుట్టి, అక్కడే పెరిగి, ఊళ్ళోవాళ్ళ చూపులో రవ్వంత మార్పు లేకపోయినా, చర్చి రిజిస్టరులో పేరు ఎక్కిందంటే సర్కారు లెక్కలో కులం పోయినట్టు. కులం పోగొట్టడం అంత సులువైతే ఎంత బాగుండేది! అందుకని ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. బళ్ళో ఒక పేరు, ఆదివారం ఇంకో పేరు. కాగితం మీద ఒక దేవుడు, మోకాళ్ళ మీద ఇంకో దేవుడు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు గట్టిగా అంది. చట్టం వున్నట్టే తీర్పు వుంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. ఆ చట్టం సంగతి తేల్చమని 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది కూడా. నా మనసుకు పట్టింది వేరు. అబద్ధమాడొద్దని పిల్లలకు నేర్పే తల్లే, ఆ పిల్లల దరఖాస్తు నింపేటప్పుడు మతం అన్న గడి దగ్గర పెన్ను ఆపి కూర్చుంటుంది. ఆ రాత్రి ఆమె ప్రార్థన ఎలా చేసుకుంటుంది? మనం ఆమెను "దొంగ క్రైస్తవురాలు" అనేస్తాం. పాస్టరుగారు "ధైర్యం లేని విశ్వాసి" అంటాడు. పిల్ల ఇంజనీరింగ్ ఫీజు మాత్రం ఇద్దరూ కట్టరు.

రెండువైపులా దెబ్బలు తినడం అనగానే జాషువాగారు గుర్తొస్తారు. వినుకొండలో 1895లో పుట్టిన ఆ మహాకవిని పద్యం చదివితే "నీకెందుకయ్యా" అని అగ్రవర్ణాలవాళ్ళు అవమానించారు, హిందూ పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవులు వెలివేశారు. ఆయన రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. క్రీస్తును తెలుగు పద్యంలో కూర్చోబెట్టినవాడి మీదే చర్చికి కోపం రావడం విడ్డూరం కాదూ?

ఇక ఇప్పటి సంగతి. మైకులు. తెల్లవారకముందే ఒక గుడి మైకు, ఒక మసీదు మైకు, ఒక చర్చి మైకు. ఈ విషయంలో మతసామరస్యం పరిపూర్ణం. యూట్యూబులో పాస్టర్లున్నారు, కొందరు బాగా చెబుతారు, కొందరు కాన్సరు తగ్గిస్తామంటారు. జబ్బుతో భయపడి వున్న ఆడమనిషిని మందులు మానెయ్యమనే ఏ దైవజనుడినైనా, స్వామీజీనైనా, బాబానైనా నేను ఒకే తట్టలో వేస్తాను. ఇంకొకరి దేవతను సాతాను అని మైకులో అరవడం కూడా తలుపు తీసి వుంచడం కాదు, తలుపు పీకి ఎదుటివాళ్ళ మీదికి విసరడం. పౌలు ఆ కొరింథు ఉత్తరంలో పొరుగువాడి మనసు గురించి అంత ఆలోచించాడే, ఆయన పేరు చెప్పుకునేవాళ్ళు ఈ మాత్రం ఆలోచించవద్దూ? ఈ మైకుల హోరు వల్ల నష్టపోతున్నది మనం కాదు, నోరెత్తకుండా బతికే ఆ మామూలు క్రైస్తవ ఆడవాళ్ళు. ఎవరో ఎక్కడో అరిచినదానికి అద్దె ఇల్లు దొరకనిది వీళ్ళకు.

మా వీధిలో ఒక టీచరమ్మ వుంది. మిడుతూరు పక్క పల్లె. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చీరలో, మెడలో నల్లపూసల మధ్య చిన్న శిలువ. బొట్టు పెట్టుకోదు, పూలు మాత్రం పెట్టుకుంటుంది - ఎందుకలా అని ఎవరూ అడగలేదు. పదిహేనేళ్ళుగా ఎరుగుదును. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు రోజూ సాయంత్రం వచ్చి పక్క మార్చి వెళ్ళేది. వాళ్ళమ్మ మా అమ్మను "అమ్మా" అని పిలిచి పెరట్లో నిలబడేది. ఈవిడ నన్ను "అక్కా" అని పిలిచి కుర్చీలో కూర్చుంటుంది. ఒక తరంలో పెరటి నుంచి కుర్చీదాకా వచ్చిన ఈ దూరంలో బడి వాటా ఎంతో, చట్టం వాటా ఎంతో, చర్చి వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.

స్నేహితురాలి ఫోన్ వచ్చిన వారంలో ఈవిడ కాఫీకొస్తే అడిగాను, "పదిహేనేళ్ళలో నాకెప్పుడూ మీ దేవుడి గురించి చెప్పలేదేం? మీవాళ్ళు చెప్పాలంటారు కదా?" అని.

కాస్త తడబడింది. "మీరెప్పుడూ అడగలేదు కదక్కా. అడక్కుండా చెబితే మీరు మళ్ళీ కాఫీకి పిలుస్తారో లేదోనని కూడా అనుకో" అంది నవ్వుతూ.

"ఇప్పుడడుగుతున్నాను, చెప్పు. నేను మారేది మాత్రం లేదు."

"మారమని ఎవరన్నారు?" అని మొదలుపెట్టింది. యేసు గురించి చెబుతుందనుకున్నాను, వాళ్ళ అవ్వ గురించి చెప్పింది. పగలంతా రెడ్ల పొలాల్లో శనగ పీకి, రాత్రి లాంతరు దగ్గర రాత్రిబడిలో అక్షరాలు దిద్దిందట. బోధకుడి భార్య నేర్పేది. మొదట రాయడం వచ్చిన మాట ఆమె సొంత పేరు. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ ఆమెను పేరుపెట్టి పిలిచింది లేదట, "ఏమే" అనేవాళ్ళు. దేవుడు మనల్ని పేరుపెట్టి పిలుస్తాడని ఆ బోధకుడి భార్య చెబితే, "నా పేరు ఆయనకెట్ల తెలుసమ్మా?" అని అడిగిందట అవ్వ. ఆ రాత్రి గోడ మీద బొగ్గుతో తన పేరు పెద్దగా రాసుకుందట, ఆయనకు కనపడేట్టు.

"ఆ గోడ వుందా ఇంకా?" అన్నాను.

"లేదక్కా. వానకు ఎప్పుడో పడిపోయింది. మా నాయన సిమెంటు గోడ కట్టినాడు" అని, కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించి, పిల్ల ట్యూషన్ నుంచి వచ్చే టైమైందని లేచింది.